మాలె దారికొచ్చిందా?

‘ఇండియా అవుట్’ అంటూ 2023లో గెలిచిన మాల్దీవుల అధ్యక్షుడు ముయిజ్జు, 2025 జులైలో తమ 60వ స్వాతంత్ర్య దినోత్సవానికి మన ప్రధానినే ముఖ్య అతిథిగా పిలిచారు. ‘చూశారా, దారికొచ్చాడు’ అని ఇక్కడ కొందరు చంకలు గుద్దుకున్నారు. నాకైతే ఆయన దారి తప్పినట్టే కనబడలేదు. బియ్యం దగ్గర్నుంచి డీజిల్ దాకా ఓడల మీద రావాల్సిన దేశమది. 2024 జనవరిలో బీజింగ్ వెళ్లొచ్చిన మనిషే, డాలర్లు అడుగంటేసరికి అక్టోబరులో ఢిల్లీ వచ్చి 40 కోట్ల డాలర్లు, మరో 3,000 కోట్ల రూపాయల కరెన్సీ మార్పిడికి ఒప్పందం చేసుకెళ్లారు. మన సైనికులను పంపేశారు, నిజమే. వాళ్లు చూసుకున్న హెలికాప్టర్లు, డోర్నియర్ విమానం మాత్రం అక్కడే ఉంచుకున్నారు, మన సాంకేతిక సిబ్బందితో సహా! అటు చైనాతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాన్నీ 2025 జనవరిలో అమల్లోకి తెచ్చారు. పిల్ల దేశానికి ఈ మాత్రం లౌక్యం లేకపోతే బతుకేది? 1988లో అక్కడి ప్రభుత్వంపై కుట్ర జరిగిన నాడు సైన్యాన్ని పంపామని, 2014లో మాలె నీటిశుద్ధి ప్లాంటు కాలిపోతే ఓడల్లో నీళ్లిచ్చామని ఎన్నాళ్లు చెప్పుకుంటాం? చైనా సాయంతో కట్టిన వంతెన మీద 2018 నుంచే బండ్లు తిరుగుతున్నాయి. 2021లో కాంట్రాక్టు ఇచ్చిన, మన సాయంతో కట్టే తిలమాలె వంతెన మాత్రం గడువులు దాటింది. ఢిల్లీ ముందు దాని సంగతి చూడాలి.