బ్యాంకు గ్యారంటీకి స్టే వస్తుందా?

మొన్న ఓ చిన్న కాంట్రాక్టరు మా ఆఫీసుకొచ్చాడు. "సార్, బిల్లులు ఆపింది వాళ్ళే. ఇప్పుడు గ్యారంటీ సొమ్ము కూడా లాగేసుకుంటామంటున్నారు. ఇల్లు బ్యాంకులో తాకట్టుంది. స్టే తెప్పించండి" అన్నాడు.

గ్యారంటీ కాగితం అడిగాను. ఆయన కాంట్రాక్టు ఫైలే తెచ్చాడు! పనిలో తప్పెవరిదన్న తగవు వేరు, బ్యాంకు ఇచ్చిన మాట వేరు. 'అడిగిన వెంటనే, అభ్యంతరం చెప్పకుండా' చెల్లిస్తామని రాసుంటే కోర్టు అరుదుగా ఆపుతుంది: ఘోరమైన మోసం జరిగితేనో, మళ్ళీ ఏ విధంగానూ పూడ్చుకోలేని నష్టం ఉంటేనో. ఇల్లు పోతుందన్న భయం సాధారణంగా అందులోకి రాదు. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు.

అయితే 1999లో హిందుస్థాన్ కన్‌స్ట్రక్షన్, బిహార్ ప్రభుత్వం కేసులో సుప్రీంకోర్టు ఆపింది. ఆ గ్యారంటీలో షరతులున్నాయి. పైగా చీఫ్ ఇంజనీరు అడగాల్సిన సొమ్మును ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు అడిగాడు.

సాయంత్రం ఆయన ఆ కాగితమూ, డిమాండు లెటరూ తెచ్చాడు. ముందు కింద సంతకం ఎవరిదో చూశాను.