కర్త ఎవరు? కరణమేది?

మౌసు కదిలించనివాడు మనిషి కాడట! ఈ సిద్ధాంతాన్ని ఏ శాస్త్రం నుంచి తెచ్చారో గానీ, దీని మూలంగా మచిలీపట్నంలో ఉంటున్న నా పూర్వవిద్యార్థి ఒకడు మొన్న ఒక దరఖాస్తు పంపలేకపోయాడు. అతనికి చూపు లేదు. తెరమీది అక్షరాన్ని చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే ఉచిత సాధనంతో, కీబోర్డుతోనే పని చేసుకుంటాడు. ఫారమంతా నింపి చివరి బొత్తాం నొక్కితే, తమరు యంత్రమని అనుమానం అని జవాబు వచ్చింది. “మాస్టారూ, నేను యంత్రాన్నా?” అని ఫోనులో నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఇందులో బ్రౌజరు (మన బ్లాగరులు ముచ్చటగా విహరిణి అంటారు) నిర్దోషి. వాడుకరి నొక్కిన నొక్కుకూ, పుటలోని స్క్రిప్టు తనంతట తాను పుట్టించిన నొక్కుకూ అది భేదం చూపుతుంది. ‘ఈజ్‌ట్రస్టెడ్’ అనే గుర్తు మొదటిదాన్ని నిజమనీ, రెండవదాన్ని కాదనీ పలుకుతుంది. కీబోర్డుతో నొక్కినా నిజమనే పలుకుతుంది. అది చాలదని కొందరు రూపకర్తలు మౌసు ఎంత వంకరగా నడిచిందో కొలుస్తున్నారు. పోనీ, దొంగ దొరుకుతున్నాడా? వెబ్‌డ్రైవరు వంటి సాధనంతో బ్రౌజరును బయటినుంచి నడిపేవాడి నొక్కుకూ అదే నిజముద్ర పడుతుంది; మౌసును వంకరగా నడిపించడమూ వాడికి కష్టం కాదు. వాడు లోపలికి పోతాడు, మావాడు గుమ్మంలో నిలబడతాడు.

కారకాలు చదివిన పిల్లవాడు ఈ పొరపాటు చేయడు. రైతు కొడవలితో వరి కోశాడు. రైతు కర్త, కొడవలి కరణం. ఇప్పుడు మన డెల్టా పొలాల్లోకి కోతయంత్రాలు వచ్చాయి. అంతమాత్రాన పంట యంత్రానిదని ఎవరైనా అన్నారా? ‘చేత’ అనే తృతీయ రెండింటికీ వస్తుంది కనుక తికమకపడ్డామంటే, ఆ తికమక తీర్చడానికే కదా మావంటి పండితులను బడిలో పెట్టుకున్నది!

కన్నార్పి చూపితేనే మనిషని నమ్మే కేవైసీ పరీక్షల మీద ఆసిడ్ దాడి బాధితులూ, అంధులూ సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2025 ఏప్రిల్ 30న కోర్టు 20 ఆదేశాలిచ్చింది; డిజిటల్ సేవలను అందుకోవడం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమన్నది. కన్నార్పడానికి చెల్లిన న్యాయం మౌసుకు చెల్లదా? భద్రత కావాలంటే ఫోనుకు ఓటీపీ పంపండి, గంటకిన్ని దరఖాస్తులని హద్దు పెట్టండి. చేతివాటం కొలవకండి.

చివరకు పక్కింటి పిల్లవాడు వచ్చి, మౌసును నాలుగుసార్లు అటూ ఇటూ తిప్పి బొత్తాం నొక్కాడు. ఫారం వెళ్లింది. ‘ఈ దరఖాస్తును నేను స్వయంగా సమర్పిస్తున్నాను’ అన్న ధ్రువీకరణ కూడా అందులోనే ఉంది.