‘లైసెన్స్ ఉంది, నమ్మండి’ అంటున్న ఆన్‌లైన్ క్యాసినోలు.. తెలంగాణలో అది చెల్లుతుందా? బోనస్ వెనక అసలు లెక్క ఇదీ!

ఏ ఆన్‌లైన్ క్యాసినోని నమ్మొచ్చు? యూట్యూబ్, టెలిగ్రామ్‌లలో ఈ ప్రశ్నకు ‘టాప్ 10’ లిస్టులు బోలెడు. మాదాపూర్‌లో ఉన్న ఫోన్‌కి వచ్చే లింకే కామారెడ్డి జిల్లా మహమ్మద్‌నగర్‌లోని ఫోన్‌కీ వస్తోంది. కానీ తెలంగాణలో ఈ ప్రశ్నకి జవాబు లిస్టు దాకా వెళ్లదు. డబ్బు పెట్టి ఆడించే ఆన్‌లైన్ క్యాసినో ఒక్కదానికీ ఇక్కడ అనుమతి లేదు.

రాష్ట్రం 2017లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ ఆటలనూ నిషేధం కిందకి తెచ్చింది. డబ్బు పెట్టి ఆడే రమ్మీకి కూడా మినహాయింపు తీసేసింది. ఆ తర్వాత కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టానికి 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. నిర్వాహకులకు మూడేళ్ల వరకు జైలు, రూ.కోటి వరకు జరిమానా. ప్రచారం చేస్తే రెండేళ్లు, రూ.50 లక్షలు. ఆడేవాళ్లకి కేంద్ర చట్టంలో శిక్ష లేదు, రాష్ట్ర చట్టంలో మాత్రం ఉంది.

అసలు పాయింట్ ఇక్కడే. కేంద్ర చట్టం రాగానే డ్రీమ్ 11 లాంటి పెద్ద కంపెనీలే డబ్బు పోటీలు ఆపేశాయి. అంటే చట్టానికి భయపడేవాళ్లు తప్పుకున్నారు. ఇంకా డిపాజిట్లు తీసుకుంటున్నవాళ్లు ఎవరు? చట్టాన్ని లెక్కచేయనివాళ్లే. వాళ్లలో ‘నమ్మకస్తుడు’ ఎవరని వెతకడమే విచిత్రం.

మరి సైట్ కింద కనిపించే లైసెన్స్? ఎక్కువగా కురసావో, అంజువాన్ లాంటి దీవులది. అది నిజమైనదే అనుకున్నా ఇక్కడ చెల్లదు. గొడవొస్తే కామారెడ్డి వాసి ఆ దీవికి వెళ్లి కొట్లాడాలి. పైగా చాలా సైట్ల నిబంధనల్లో ‘మీ ప్రాంతంలో ఇది చట్టబద్ధమో కాదో చూసుకునే బాధ్యత మీదే’ అని రాసి ఉంటుంది. ఈ ఒక్క లైన్‌తో భారం మొత్తం ఆడేవాడి నెత్తిన పడుతుంది.

ఇక బోనస్. రూ.1,000 వేస్తే మరో రూ.1,000 ఫ్రీ అంటారు. కింద చిన్న అక్షరాల్లో ‘35 రెట్లు’ అని ఉందనుకోండి. బోనస్ మీద రూ.35,000 పందేలు కాస్తేగానీ విత్‌డ్రా కుదరదు. స్లాట్ గేమ్ నూటికి రూ.96 తిరిగి ఇస్తుందనుకున్నా, ఆ పందేలన్నీ పూర్తయ్యేసరికి సగటున రూ.1,400 పోతాయి. అంటే ఫ్రీగా వచ్చిన వెయ్యితో పాటు సొంత డబ్బులో రూ.400 కూడా. రౌలెట్ ఆడితే పందెంలో 10 శాతమే లెక్కలోకి తీసుకుంటామనే షరతు కూడా ఉంటుంది. అప్పుడు కాయాల్సింది రూ.3.5 లక్షలు! చాలామంది బ్యాలెన్స్ అంతకంటే ముందే సున్నాకి వస్తుంది.

డబ్బు వెళ్లే దారి కూడా చూడాలి. చాలాసార్లు యూపీఐలో కంపెనీ పేరు కాకుండా ఎవరో వ్యక్తి పేరు కనిపిస్తుంది, రెండ్రోజులకి అదీ మారుతుంది. ఇవి అద్దె ఖాతాలు కావొచ్చు. గెలిచిన డబ్బు అలాంటి ఖాతా నుంచి వస్తే, అందులో సైబర్ మోసం సొమ్ము ఉందంటూ మీ అకౌంటే ఫ్రీజ్ అయ్యే ప్రమాదం ఉంది.

పేరున్నవాళ్లు ప్రమోట్ చేశారు కదా అంటే అదీ గ్యారంటీ కాదు. బెట్టింగ్ యాప్‌ల ప్రచారం ఆరోపణలపై 2025 మార్చిలో మియాపూర్ పోలీసులు నటులు, యూట్యూబర్లు కలిపి 25 మందిపై కేసు పెట్టారు.

ఇప్పటికే డబ్బు ఇరుక్కుపోతే? ‘విత్‌డ్రాకి ముందు ట్యాక్స్ కట్టండి’ అని మెసేజ్ వస్తే ఒక్క రూపాయి కూడా పంపొద్దు. ఆన్‌లైన్ గేమ్ గెలుపుపై 30 శాతం పన్నును గెలిచిన మొత్తంలోంచే కోస్తారు, విడిగా కట్టించుకోరు. యూపీఐ లావాదేవీ నంబర్లు, చాట్ స్క్రీన్‌షాట్లు డిలీట్ చేయకుండా వెంటనే 1930కి కాల్ చేయాలి. ఎంత ముందు చేస్తే అవతలి ఖాతాలో డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.