గ్యాస్ బండ ఎన్ని రోజులొస్తుంది?

మీ ఇంట్లో తొమ్మిదో పదో చదివే పిల్లలుంటే ఈ వారం ఒక చిన్న పరీక్ష పెట్టి చూడండి. "సగటు అంటే ఏమిటి?" అని అడగండి. "రాశుల మొత్తాన్ని రాశుల సంఖ్యతో భాగిస్తే వచ్చేది" అని గడగడా అప్పజెప్పేస్తారు. మధ్యగతం, బాహుళకం కూడా సూత్రాలతో సహా చెబుతారు. వెంటనే "మరి మనింట్లో గ్యాస్ బండ ఎన్ని రోజులొస్తుందో చెప్పు" అనండి. తెల్లముఖం వేస్తారు. అది పాఠంలో లేదు మరి!

ఇందులో పిల్లల తప్పేమీ లేదండీ. సాంఖ్యక శాస్త్రం పాఠంలో అంకెలన్నీ ఎవరో పోగుచేసి, పట్టికలో పేర్చి చేతికిస్తారు. అవి ఎవరివో, ఎందుకు పోగుచేశారో పిల్లలకి తెలియదు. కూరలు తరిగి, పోపు పెట్టి, చివర ఉప్పు మాత్రం వెయ్యమంటే వంట వచ్చినట్టేనా? న్యూజిలాండ్ బడుల్లో దీన్ని అయిదు మెట్లుగా నేర్పుతారు. సమస్య ఏమిటో అనుకోవడం, ఎలా కనుక్కోవాలో ఆలోచించడం, అంకెలు పోగుచెయ్యడం, వాటిని పరిశీలించడం, చివరికి ఏం తేలిందో చెప్పడం. మన పిల్లల్ని ఎక్కువగా ఆ నాలుగో మెట్టు మీదే కూచోబెడుతున్నాం. మిగిలినవి ఇంట్లో మనం ఎక్కించవచ్చు. నేను ఇంటర్‌తో చదువు ఆపినదాన్ని. దీనికి అంతకు మించి చదువు అక్కర్లేదు.

గ్యాస్ బండతోనే మొదలుపెట్టండి. కొత్త బండ బిగించిన రోజున మనలో చాలామందిమి క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకుంటాం. ఆ క్యాలెండర్ పిల్లల చేతికిచ్చి, ఒక్కో బండ ఎన్ని రోజులొచ్చిందో లెక్కపెట్టమనండి. 38, 41, 40, 36, 60 అని వచ్చాయనుకోండి. కూడితే 215. అయిదుతో భాగిస్తే 43. "అమ్మా, సగటున 43 రోజులు!" అంటారు. అక్కడ ఆపెయ్యకండి. "అయితే నలభై మూడో రోజుదాకా నిశ్చింతగా ఉండొచ్చా?" అని అడగండి. అప్పుడు మళ్లీ అంకెలు చూస్తారు. అయిదింట్లో నాలుగు బండలు 43 రోజుల లోపే అయిపోయాయి! రెండో బండ లేని ఇల్లాలు ఆ సగటుని నమ్ముకుంటే పోపు మధ్యలో పొయ్యి ఆరిపోవడమే.

మరి ఆ 60 ఎక్కణ్ణుంచి వచ్చింది? వేసవి సెలవుల్లో అందరూ అమ్మమ్మగారింటికి వెళ్లినప్పటి బండ అది. 36 సంక్రాంతి పిండివంటలప్పటిది. ఇప్పుడు వాటిని చిన్నదాని నుంచి పెద్దదానికి వరసగా రాయమనండి: 36, 38, 40, 41, 60. సరిగ్గా నడుమ ఉన్నది 40. మధ్యగతం అంటే అదే. ఊరెళ్లిన ఒక్క బండ సగటుని పైకి లాగింది గాని, నడుమనున్న 40ని కదపలేకపోయింది. "సగటు ఒకటి ఉండగా మళ్లీ ఈ మధ్యగతం ఎందుకూ?" అని విసుక్కునే పిల్లలకి ఇంతకంటే మంచి జవాబు నాకు తెలియదు. ఇక పదో రోజు, ఇరవయ్యో రోజు కాదు, ముప్పయ్యో రోజుకి బుక్ చెయ్యాలని వాళ్లే మీకు చెబుతారు.

తర్వాత పిల్లలు బయటికి వెళ్లి ప్రశ్నలడుగుతామంటారు. అడగనివ్వండి. కాకపోతే పక్క బెంచీలో నలుగుర్ని అడిగొచ్చి "మా స్కూల్లో అందరికీ దోసె ఇష్టం" అని తేల్చేస్తారు! అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి గిన్నె అంతా పట్టి చూడం, ఒక మెతుకు చాలు. నిజమే. కానీ పెద్ద గిన్నెలో పైమెతుకు పలుకుగా ఉండి అడుగున మెత్తబడిపోవచ్చు కదా? అందుకే గరిటె తిప్పి చూస్తాం. అలాగే ప్రతి తరగతి నుంచీ చీటీలు తీసి కొందరిని ఎంచుకోమనండి. 1931లో కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించిన మహలనోబిస్ గారు బెంగాల్‌లో జనపనార పంట అంచనా వేసింది ఇలాగే, ప్రతి చేనూ కొలవకుండా కొన్ని ముక్కలు ఎంచుకుని. ఆయన పుట్టినరోజు జూన్ 29నే మనం గణాంక దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

అన్నిటికంటే రుచిగా ఉండేది మాత్రం ఇంటిపనుల పట్టిక. మా తొమ్మిదో తరగతి అమ్మాయి చేసింది. ఒక రోజుకి అరగంటకో గడి చొప్పున 48 గళ్లు. ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో వరస. వారం రోజులు. మొదటిరోజే తగాదా! పాలు పొంగకుండా పొయ్యి దగ్గర నిలబడటం పనేనా? అత్తయ్యగారు టీవీ చూస్తూ వత్తులు చేస్తారు, అది పనా, కాలక్షేపమా? లెక్క మొదలెట్టకముందే "పని" అంటే ఏమిటో రాసుకోవాలని దానికి అప్పుడు తెలిసింది. రెండూ పనే అని ఓట్లేసి తేల్చారు. వారం తర్వాత నిలువు పట్టీలు గీస్తే నా పట్టీ కాగితం దాటిపోయింది, వాళ్లన్నయ్యది చీమంత. "పరీక్షల వారంలో లెక్కేస్తే ఎలా?" అన్నాడు వాడు. అడగవలసిన ప్రశ్నే! అందుకని సెలవుల్లో ఇంకో వారం లెక్క రాసింది. వాడి పట్టీ రెండు గళ్లు పెరిగింది. మావారు ఆ కాగితం చాలాసేపు చూసి, ఏమీ అనకుండా మడిచి పెట్టారు. మర్నాటి నుంచి మంచినీళ్లు పట్టడం ఆయన పనైంది.

ప్రభుత్వం కూడా ఇదే పని పెద్దఎత్తున చేసింది. తెల్లవారుజామున 4 గంటల నుంచి మొదలుపెట్టి, ఇలాగే అరగంట గళ్లతో. 2024 నాటి ఆ కాల వినియోగ సర్వేలో జీతంలేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకి సగటున 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. ఇక్కడ పిల్లల్ని ఒకటి గమనించమనండి. ఇది ఆ పని చేసినవాళ్ల సగటు. అసలు చెయ్యి పెట్టని మగవాళ్లు ఆ 88లో లేనే లేరు! వాళ్లని కూడా కలిపితే సగటు ఏమవుతుందో పిల్లలే చెబుతారు.

అన్నట్టు, ఆంధ్రా యూనివర్సిటీలో చదివి, 2023లో సాంఖ్యక శాస్త్రంలో అంతర్జాతీయ బహుమతి అందుకున్న మన సి.ఆర్. రావు గారు, చిన్నప్పుడు తనని రోజూ తెల్లవారుజామున 4 గంటలకి లేపి, చదువుకోవడానికి నూనెదీపం వెలిగించి ఇచ్చింది తల్లి లక్ష్మీకాంతమ్మగారని రాసుకున్నారు. ఆవిడ గళ్లు ఎవరు నింపారో!

మీ పిల్లలు పట్టిక మొదలుపెడితే రెండు జాగ్రత్తలు. ప్రాజెక్టు రికార్డుకి బాగుంటుందని బజార్లో దొరికే రెడీమేడ్ చార్టు కొనకండి, చేత్తో గీసిన వంకర పట్టీలే నయం. రెండోది, రాయడం మర్చిపోయిన రోజు గళ్లు రాత్రి కూచుని ఊహించి నింపుతుంటారు. ఒప్పుకోకండి. ఖాళీగానే వదిలేసి, పక్కన "రాయలేదు" అని రాయించండి.