చదువుల ముచ్చట : అచ్చు వేరు, కజ్జికాయ వేరు



క్రిందటి నెలలో నొక సోదరి యీ శీర్షికకు ఉత్తరము వ్రాసినారు. వారి కుమార్తె ఇంజనీరింగు రెండవ సంవత్సరము చదువుచున్నదట. ఆబ్జెక్టు ఓరియెంటెడ్ ప్రోగ్రామింగు అను పాఠములో తప్పి, “అమ్మా, నాకీ చదువబ్బదు, ఇంటికి వచ్చెదను” అని యేడ్చుచున్నదట. ఇంటిలోని పెద్దలు “ఇక చదివినది చాలును, సంబంధములు చూతము” అనుచున్నారట. “మీరు ఆ పాఠమునే చెప్పువారు గదా! పిల్లను మాన్పింతునా, ఉండుమందునా?” అని యా తల్లి యడుగుచున్నారు.

మాన్పింపవలదు. ఇది నా ప్రత్యుత్తరము. కాని కారణము చెప్పక యిచ్చిన సలహా ఉప్పులేని పప్పువంటిది. కావున ఆ పాఠమేమో, అది పిల్లల కేల కొఱుకుడు పడదో, అందులో మా యుపాధ్యాయుల దోషమెంతయో విన్నవించెదను.

కంప్యూటరుచే పని చేయించుటకు వ్రాసెడి ఆజ్ఞల వరుసకే ప్రోగ్రామని పేరు. మా కళాశాలలో మొదటి సంవత్సరమున పిల్లలు సీ భాషను నేర్తురు. అందు వంటకము చేయు విధానమువలె మొదట నిది, పిదప నది యని వరుసగా ఆజ్ఞలు వ్రాయుదురు. నలుగురికి వండవలసినప్పుడు ఒక్కతెయే యన్నియు చక్కబెట్టుకొనవచ్చును. పెండ్లివంట యన్నచో ఆ పద్ధతి సాగదు. కూరలు తరుగువారొకరు, పొయ్యి చూచువారొకరు, వడ్డించువారొకరు కావలెను. ఎవరి సామగ్రి వారియొద్ద నుండవలెను. ఎవరి పని వారెఱుగవలెను. ఒకరి గిన్నెలో మరియొకరు చేయి పెట్టక, కావలసినది అడిగి పుచ్చుకొనవలెను. పెద్ద ప్రోగ్రామును గూడ నిట్లే బాధ్యతగల భాగములుగా విభజింతురు. అట్టి ఒక్కొక్క భాగమునకు ఆబ్జెక్టని పేరు. దానిని తయారుచేయు నమూనాకు క్లాసని పేరు. కజ్జికాయల అచ్చు ఒక్కటియే, కజ్జికాయలు నూఱు. అచ్చును చేతబట్టుకొని కజ్జికాయ యని భ్రమించుటయే మా విద్యార్థులు చేయు మొదటి తప్పు.

ఈ పద్ధతి నిన్న మొన్న పుట్టినది కాదు. నార్వే దేశపు రాజధానియగు ఆస్లో నగరమున ఓలె యోహాన్ డాల్, క్రిస్టెన్ నీగోర్డ్ అను నిరువురు 1967లో సిములా 67 అను భాషను రూపొందించిరి. అందు మొదటిసారిగా క్లాసులును ఆబ్జెక్టులును కానవచ్చినవి. ఆ కృషికి వారికి 2001 సంవత్సరపు ట్యూరింగు బహుమతి లభించెను. 1970 దశకమున అమెరికాలోని జెరాక్సు వారి పాలో ఆల్టో పరిశోధనాలయమున ఆలన్ కే మొదలగువారు స్మాల్‌టాక్ అను భాషను నిర్మించిరి. ఆ బృందములో ప్రముఖురాలగు ఆడెల్ గోల్డ్‌బర్గ్ అను విదుషి ఆ భాషను బడిపిల్లలకు గూడ నేర్పి చూచెను. ఆబ్జెక్టుల పాఠము పిల్లలకు చెప్పదగినదే యని నమ్మినవారిలో నొక స్త్రీ యున్నదని మన సోదరీమణులు గుర్తుంచుకొందురు గాక! మా విద్యార్థులు నేర్చు జావా భాష 1995లో వెలువడినది.

ఇక నా దోషమును చెప్పుకొనవలెను. కొన్ని సంవత్సరముల క్రిందట నా తరగతిలో నొక పల్లెటూరి బాలిక యుండెను. పదవ తరగతి వఱకు తెలుగు మాధ్యమమున చదివినది. తల్లి ఊరిలో పొదుపు సంఘమునకు లెక్కలు వ్రాయుచుండెడిది. నేను మొదటి గంటలోనే ఎన్‌కాప్సులేషను, ఇన్‌హెరిటెన్సు, పాలిమార్ఫిజము అను మాటలు బోర్డుపై వ్రాసి, నిర్వచనములు చెప్పితిని. ఆ పిల్ల వానిని వల్లెవేసి మొదటి పరీక్షలో ఇరువదికి పందొమ్మిది తెచ్చుకొనెను. నేను మెచ్చుకొంటిని. మఱుసటి వారము ప్రయోగశాలలో బ్యాంకు ఖాతాకు క్లాసు వ్రాయుమన్నచో గంటసేపు తెల్లని తెరను చూచుచు కూర్చుండెను. ఏమమ్మా యని యడుగగా, “మేడమ్, క్లాసనగా తరగతి గదా! ఖాతా తరగతి యెట్లగును?” అనెను. తోటివారు నవ్విరి. నాకు నవ్వు రాలేదు. ఆ పందొమ్మిది మార్కులు నేను వల్లెవేయించిన మాటలకు నేనే వేసికొన్న మార్కులని యప్పుడు తెలిసినది.

మఱునాటినుండి యా పిల్ల తరగతికి రాలేదు. హాస్టలునకు వెళ్ళి చూతును గదా, పెట్టె సర్దుకొనుచున్నది. నేను పాఠము మాట యెత్తలేదు.

“మీ యమ్మగారి సంఘములో నెందరమ్మా?” అంటిని.

“పదిమంది, మేడమ్.”

“పుస్తకములెన్ని?”

“పదియే. గళ్ళన్నియు నొక్క తీరు, అంకెలు మాత్రము వేరు.”

“తమ పుస్తకములో నిలువను తామే దిద్దుకొనవచ్చునా?”

“అమ్మ యొప్పునా! కట్టినను, తీసినను అమ్మయే వ్రాయవలెను. నిలువకు మించి యడిగిన నీయదు.”

“నీవు చెప్పినదే నా పాఠము. ఆ గళ్ళ నమూనా క్లాసు. పది పుస్తకములు పది ఆబ్జెక్టులు. నిలువను ఎవరును నేరుగా ముట్టరాదనుటయే ఎన్‌కాప్సులేషను” అంటిని. ఆమె చాలసేపు మాటలాడలేదు. పిదప పెట్టెలోనుండి నోటుపుస్తకము తీసెను.

రెండు దినములలో ప్రోగ్రాము వ్రాసికొని వచ్చెను. నిలువకు మించి తీయబోయిన నిరాకరించునట్లు చక్కగా వ్రాసినది. నేను పరీక్షింపగోరి, కట్టవలసిన మొత్తమునకు బదులు ఋణ చిహ్నముతో అయిదువందలు వేసితిని. కట్టుచున్నామన్న పేరుతోనే నిలువ అయిదువందలు తగ్గిపోయినది! ఆ పిల్ల తెరను చూచి, “మా యమ్మ నిట్లు మోసగింపలేరు, మేడమ్” అని చెప్పి, అక్కడనే కూర్చుండి దానిని సరిదిద్దెను. సంవత్సరాంతమున ఆమెకు మొదటి స్థానము రాలేదు. నడిమి తరగతి మార్కులతో నుత్తీర్ణురాలయ్యెను. అయినను తన తప్పును తానే కనుగొని దిద్దుకొను నేర్పు కలిగెను. ఈ విద్యలో నంతకు మించినది లేదు.

అప్పటినుండి నేను పాఠక్రమమును మార్చితిని. 1989లో కెంట్ బెక్, వార్డ్ కనింగ్‌హామ్ అను నిరువురు చిన్న అట్టముక్కలతో నీ పాఠము చెప్పు విధమును ప్రకటించిరి. ఒక్కొక్క అట్టపై ఒక క్లాసు పేరు, దాని బాధ్యతలు, అది యెవరి సాయము కోరవలెనో వ్రాయవలెను. పిల్లలు తలకొక అట్ట పట్టుకొని, తామే ఆబ్జెక్టులై ఒకరినొకరు అడుగుచు, బదులు చెప్పుచు నుందురు. ఒకడు చేయవలసిన పనినంతయు తానే పైన వేసికొన్నచో తరగతియంతయు “నీవు పెత్తనము చేయుచున్నావు” అని కేకలు వేయును. ఈ యాటకు కంప్యూటరుతో బనిలేదు. పిదప వ్రాయు ప్రోగ్రాములో సగము తప్పులు ఆ గదిలోనే తొలగును.

మాటలు పెట్టు చిక్కులును గలవు. ఇన్‌హెరిటెన్సనగా వారసత్వము. మన యిండ్లలో వారసత్వమనగా ఆస్తి. ఒకరికిచ్చిన నొకరికి తఱుగును. ప్రోగ్రాములో నట్లు కాదు. పొదుపు ఖాతా యొక విధమగు ఖాతాయే గనుక ఖాతా గుణములన్నియు దానికి వచ్చును. మూలమునకు లోటు లేదు. కాని కారులో ఇంజను ఉన్నంత మాత్రమున కారు ఇంజనుకు వారసురాలు కాదు. “ఒక విధమగునది” యనుట వేఱు, “కలిగియున్నది” యనుట వేఱు. పాలిమార్ఫిజమన్నచో భయపడవలదు. శుభకార్యమునాడు “తయారు కండి” అని యొక్క కేక వేసిన, తాతగారు కండువా వేసికొందురు, పెండ్లికూతురు నగలు పెట్టుకొనును, పసివాడు చొక్కా వెదకికొనును. ఆజ్ఞ యొక్కటి, ఆచరణ యెవరిది వారిది.

అన్నిటికంటె మోసకరమైనది మఱియొకటి. జావాలో ఒక ఆబ్జెక్టుకు రెండవ పేరు పెట్టినచో రెండవ ఆబ్జెక్టు పుట్టెనని పిల్లలు తలంతురు. పుట్టింట “అమ్మాయీ” యందురు, అత్తింట “కోడలా” యందురు. మనిషి యొక్కతెయే. పుట్టింట చేతికి గాయమైనచో అత్తింట ఆ చేయి నొప్పి పెట్టకుండునా? ఈ పోలిక చెప్పిన దినమున వెనుక వరుసలోని బాలికలు తలలెత్తి చూచిరి.

జావాలో తొలి ప్రోగ్రాము వ్రాయుటకే “పబ్లిక్ స్టాటిక్ వాయిడ్ మెయిన్” అని యర్థము తెలియని మంత్రమును జపింపవలసి యుండెడిది. “తరువాత తెలియును, ఇప్పటికి వ్రాయుడు” అని మేము చెప్పుచుంటిమి. 2025 సెప్టెంబరులో వెలువడిన జావా 25లో ఆ మంత్రము లేకయే మొదలుపెట్టు వీలు కల్పించినారు. కళాశాలలకు ఆ మార్పు వచ్చువఱకైనను “ఇది నీ తెలివితక్కువ కాదు, మేమింకను చెప్పలేదు” అని పిల్లలతో ననుట మా విధి.

ఉత్తరము వ్రాసిన సోదరీ! మీ పిల్ల ఇంటికి వచ్చినప్పుడు మార్కుల మాట యడుగకుడు. మీ వంటయింటినో, పాలవాని లెక్కనో చూపి, “ఇందులో నెవరి బాధ్యత యేది? ఎవరు ఎవరిని ఏమడుగవలెను? తప్పు అంకె వేసిన నేమగును?” అని యడుగుడు. మీకు కంప్యూటరు తెలియనక్కఱలేదు. ఆమె మీకు చెప్పుచు తానే తెలిసికొనును. తప్పిన పరీక్షకు సప్లిమెంటరీ యున్నది. ఇంటికి వచ్చెద నన్న మాట వేసారి యన్నదే గాని, చదువుపై రోసి యన్నది కాకపోవచ్చును. సంబంధములు చూడగోరు పెద్దలతో “ఒక్క పరీక్ష ఆగుడు” అని మీరు గట్టిగా చెప్పుడు. ఆ మాట ఇంటిలో ఎవరో యొకరు చెప్పవలెను. తల్లి చెప్పినచో పిల్లకు బలము.

ఫలితము తెలిసిన పిమ్మట, అది యెట్టిదైనను, నాకు తప్పక వ్రాయుడు.