అమ్మబోయే కారు, నడపబోయే కారు

అమెరికాలో మనవాళ్ళ మధ్య కారు మాట వస్తే ముందు వినిపించే ప్రశ్న, "రీసేల్ ఎలా ఉంటుందండీ?" కారింకా షోరూమ్‌లోనే ఉంటుంది, మనం మనసులో అప్పుడే దాన్ని అమ్మేస్తూ ఉంటాం.

ఈ భయం ఊరికే పుట్టింది కాదు. హెచ్-1బి మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే మామూలుగా దొరికే గడువు 60 రోజులు. ఈలోగా ఇంకో ఉద్యోగం దొరక్కపోతే ఇల్లు, సామాను, కారు అన్నీ తేల్చుకోవాలి. అందుకే మన అపార్ట్‌మెంట్ల ముందు ఎటు చూసినా కామ్రీ, అకార్డ్, మళ్ళీ కామ్రీ. రెండూ మంచి కార్లే. నా గొడవల్లా ఒకటే. ఎప్పుడో కొనబోయే ముక్కూ మొహం తెలియనివాడి గురించి ఇంత ఆలోచిస్తాం కదా, రోజూ అందులో కూర్చునే మనిషి గురించి ఎందుకు ఆలోచించం?

ఇంజనీరు బుద్ధి కదా, ఓ లెక్క వేద్దాం. ఫ్రిస్కోలో ఇల్లు, ఇర్వింగ్‌లో ఆఫీసు అనుకోండి. ట్రాఫిక్‌తో కలిపి రానూపోనూ గంటన్నర. ఏడాదికి 240 రోజులు వెళితే 360 గంటలు. అంటే పగలూ రాత్రీ కలిపి పదిహేను రోజులు ఆ సీట్లోనే! అలాంటి సీటుని డీలర్ చుట్టుపక్కల పది నిమిషాలు తిప్పి చూసి ఖాయం చేసేస్తాం.

అందుకని నేనేమంటానంటే, మోడల్‌ని రీసేల్ చూసి ఎంచుకోండి, అందులో ఏ రకమో మాత్రం మీ నడుముని అడిగి తేల్చుకోండి. ఈ రెంటికీ పేచీ లేదు. 2025 నుంచి ఇక్కడ కామ్రీ హైబ్రిడ్‌గానే వస్తోంది. టర్బో లేదు, బెల్టుతో నడిచే సీవీటీ లేదు. చెడిపోవడానికి అవకాశమున్న భాగాలు ఆ మేరకు తక్కువ. అన్నిటికన్నా చవకైన ఎల్ఈకి 16 అంగుళాల చక్రాలు, ఖరీదైన ఎక్స్ఎస్ఈకి 19. పెద్ద చక్రం చూడ్డానికి దర్జాగా ఉంటుంది గానీ, టైరు పలచనై కాంక్రీటు రోడ్డు మీద ప్రతి అతుకూ వీపుకి తెలుస్తుంది. పైగా ఎల్ఈ ప్రభుత్వ లెక్క ప్రకారం గాలనుకి 51 మైళ్ళిస్తుంది. ఏడాదికి 12,000 మైళ్ళు తిరిగితే 30 ఇచ్చే కారు కంటే 165 గాలన్లు మిగులు.

టెస్ట్ డ్రైవ్‌కి మొహమాటపడకుండా గంటసేపు అడగండి. హైవే ఎక్కండి, రేడియో కట్టేసి చప్పుడు వినండి. సీటు మీ నడుము వంపుకి ఆనుతోందా చూడండి. వెనక సీట్లో కూడా కూర్చుని లేవండి. ఆరునెలలకని వచ్చే అమ్మానాన్నలు మోకాళ్ళ నొప్పులతో దిగాల్సింది అందులోంచే.

ఇది ఒక్క కారు సంగతే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. గ్రీన్ కార్డ్ వచ్చాక మంచి సోఫా, గ్రీన్ కార్డ్ వచ్చాక గోడకి బొమ్మలు, గ్రీన్ కార్డ్ వచ్చాక అన్నీ. ఆ క్యూ ఎప్పటికి తెములుతుందో మన చేతుల్లో లేదు. ఈలోగా గడిచే ఏళ్ళు కూడా మన ఆయుష్షులోవే. వాటికి రీసేల్ లేదు.