ఇంగ్లీషు నేర్చుకుందాము: పేరా? గుణమా?



కృష్ణపట్నం నుండి వచ్చిన ఒక తల్లి, తన కుమారుడు వ్రాసిన ఉద్యోగ దరఖాస్తును ఇటీవల మాకు చూపించారు. 2008లో ఓడరేవు ప్రారంభమైన ఊరు గనుక అక్కడి పిల్లలు దరఖాస్తులు పెట్టుకొనుట మామూలే. ఈ అబ్బాయి డిగ్రీ చదివినవాడు. తన గురించి 'ఐ యామ్ ఆనెస్టీ' అని వ్రాసుకొన్నాడు. అది చూచి తోటివారు నవ్వారట. ఆనాటి నుండి ఇంగ్లీషులో నోరు తెరవడమే మానివేశాడట.

"అయ్యగారూ, మావాడికి ఇంక ఇంగ్లీషు రాదంటారా?" అని ఆమె కన్నీళ్ళతో అడిగారు.

రాకపోవడం కాదమ్మా. మాట వచ్చును. దానిని ఏ చోట పెట్టాలో ఎవరూ చెప్పలేదు, అంతే.

'ఆనెస్టీ' అంటే నిజాయితీ. అది ఒక గుణము యొక్క పేరు గనుక నామవాచకము. మనము తెలుగులో 'నేను నిజాయితీ' అంటామా? అనము. 'నేను నిజాయితీ గలవాడను' అంటాము. ఆ 'గల' అనే మాటే పేరును విశేషణముగా మార్చుచున్నది. అలాగే అందం, అందమైన, బలం, బలమైన. తెలుగులో మాట చివర ఒక చిన్న ముక్క చేర్చితే సరిపోతుంది.

ఇంగ్లీషులో అన్నిటికీ ఒకే ముక్క పనికిరాదు. బ్యూటీ, బ్యూటిఫుల్. డేంజర్, డేంజరస్. హెల్త్, హెల్దీ. స్ట్రెంత్, స్ట్రాంగ్. ఆనెస్టీ, ఆనెస్ట్. కాబట్టి ప్రతి మాటను దాని జతతో కలిపి నేర్చుకోవాలి.

ఏది వాడాలో తెలియనప్పుడు, 'ఇక్కడ పేరు చెప్పుచున్నామా, ఎలాంటిదో చెప్పుచున్నామా?' అని మనలను మనమే అడుగుకొనవలెను. కరెంటు స్తంభము మీద 'డేంజర్' అని ఉంటుంది. అపాయమున్నదని పేరు పెట్టి చెప్పుట అది. తుఫాను రోజున సముద్రము ఎలా ఉన్నదో చెప్పాలంటే 'ద సీ ఈజ్ డేంజరస్' అనాలి. 'వెరీ' అన్న మాట ముందు చేర్చి చూడండి. 'వెరీ ఆనెస్ట్' కుదురుతుంది, 'వెరీ ఆనెస్టీ' కుదరదు. 'హిజ్' తరువాత వేరే మాట లేకుండా నిలిచేది మాత్రం పేరే: 'హిజ్ ఆనెస్టీ', అతని నిజాయితీ.

ఒక జాగ్రత్త. తెలుగులో 'నాకు ఆకలి', 'నాకు జ్వరం' అని రెండూ ఒకే తీరుగా చెప్పుదుము. ఇంగ్లీషులో ఆకలికి 'ఐ యామ్ హంగ్రీ' అని విశేషణము, జ్వరానికి 'ఐ హావ్ ఎ ఫీవర్' అని నామవాచకము వాడుదురు. కనుక మాటకు మాట మార్చరాదు, వాక్యముగానే నేర్చుకోవాలి.

మరొకటి. ఒక్కోసారి పేరే మరొక పేరు ముందు నిలిచి విశేషణము పని చేస్తుంది. మనము 'రొయ్యల చెరువు' అని బహువచనము వాడుతాము. ఇంగ్లీషులో 'ప్రాన్ పాండ్' అనాలి గాని 'ప్రాన్స్ పాండ్' అనరాదు. పనివారు తొడుక్కొనే 'సేఫ్టీ షూస్' కూడ అటువంటివే: భద్రత కొరకైన బూట్లు. 'సేఫ్ ప్లేస్' అంటే క్షేమమైన చోటు. ఇక్కడ 'సేఫ్' విశేషణము.

తల్లిదండ్రులారా, పిల్లల చేత ఒక నోటుపుస్తకములో మధ్యకు గీత గీయించండి. ఎడమ ప్రక్క పేరు, కుడి ప్రక్క గుణము. రోజుకు మూడు జతలు చాలును. మీకు ఇంగ్లీషు రాకపోయినా 'ఇది పేరా, గుణమా?' అని తెలుగులోనే అడుగవచ్చును. తప్పు వస్తే నవ్వకండి, నవ్వనివ్వకండి.

ఆ అబ్బాయి దరఖాస్తులో మేము దిద్దినది ఒక్క మాట చివర మాత్రమే. 'ఐ యామ్ ఆనెస్ట్' అని తానే తిరిగి వ్రాసి, పైకి చదివి వినిపించాడు.

ఈ నెల అభ్యాసము: 1840లో నెల్లూరు చేరిన అమెరికన్ బాప్తిస్టు మిషనుకు తరువాత 'లోన్ స్టార్' అనే పేరు వచ్చినది. 'ఒంటరి నక్షత్రము' అని అర్థము. ఆ రెండు మాటలలో ఏది పేరు, ఏది గుణము? ఇంటిల్లిపాదీ కలిసి చెప్పుకొనండి.